ఎలుకకి ఒత్తిడి తగ్గించే పండు రసం: ప్రాజెక్టు గట్టెక్కే ఏడు చిట్కాలు

పండు తేవాలి, రసం తీయాలి, ఎలుకకి పట్టాలి, ఒత్తిడి తగ్గిందని చూపించాలి. పద్ధతిగా చేస్తే నెలలు పడుతుంది. ఇబ్రహీంపట్నంలో ఫార్మసీ చదివే పిల్లలూ, ఇలా చేయండి, వారం చాలు.

1. రింగ్ సెంటర్లో బండి మీద పండ్లు కొనండి. వెలగో మారేడో బండివాడు చెప్పిందే రాసుకోండి. పండు అదేనని బోటనీ మాస్టారి సంతకం కోసం తిరగకండి.

2. రసం తీసే సాక్స్‌లెట్ పరికరం దగ్గర కాపలా కాయకండి. ఆల్కహాల్ ఆవిరై పైకెళ్ళి, చల్లబడి, పండు పొడి మీద బొట్టుబొట్టుగా పడి, నిండగానే గడగడా దిగుతుంది. రెండుసార్లు దిగి రంగొస్తే కట్టేయండి. గైడ్ గారు అడిగితే కరెంటు పోయిందనండి. థర్మల్ విద్యుత్ కేంద్రం పక్కన ఉన్నా కరెంటు పోదని ఎవరూ అనలేరు.

3. ఎథిక్స్ కమిటీ అనుమతికి ప్రయోగం అయ్యాకే దరఖాస్తు పెట్టండి. జంతు హింస నిరోధక చట్టం 1960 నుంచీ ఉంది, ఇంకో నెల ఆగుతుంది.

4. డోసు కిలోకి 200 మిల్లీగ్రాములని రాయండి. 180 గ్రాముల ఎలుకకి 36 వస్తుంది. అంత చిన్న తూకం ఎందుకు? కంటి అంచనాతో పట్టేయండి.

5. మందు పనిచేసిందని చూపించే ఈత పరీక్ష 1977లో పోర్సోల్ట్ అనే పరిశోధకుడు పెట్టింది. ఎలుక గాజు గోడ గీరుతుంది, ఈదుతుంది, చివరికి ముక్కు మాత్రం పైకి పెట్టి కదలకుండా తేలుతుంది. ఆ సెకన్లు తగ్గితే మందు పనిచేసినట్టు. ముందురోజు 15 నిమిషాల ఈత ఎగ్గొట్టండి. బక్క ఎలుకల్ని మందు పట్టని కంట్రోల్ గుంపులో, బలిసినవాటిని మందు గుంపులో వేయండి. స్టాప్‌వాచ్ మీ చేతిలోనే ఉంచుకోండి. మందు తాగిన ఎలుక మీసం కదిపినా ఈతే.

6. గుంపులోని ఆరు ఎలుకల్లో ఒకటి చచ్చిందా? రాయకండి. మిగతా ఐదింటి సగటే ఆరోదానికి వేయండి. సగటు మారదు, పోలిక కోసం అశ్వగంధ పట్టిన గుంపు పక్కన మీ గ్రాఫు నిటారుగా నిలబడుతుంది.

7. మిగిలిన రసం పారబోయకండి. విష పరీక్ష చేయలేదని వెనకాడకండి. సీసాలో పోసి ఇంటికి పట్టుకెళ్ళి, నిద్రపట్టని నానమ్మకి రాత్రి ఒక చెంచా పట్టండి. ఇదేం మందురా అని అడిగితే థీసిస్ చేతిలో పెట్టండి. అట్ట మీద బంగారు అక్షరాలు చూశాక ఆవిడ ఇంకేమీ అడగదు, గుటుక్కున మింగేస్తుంది.