కరెంటు స్తంభ శాసనం: టీకా తాత్పర్య సహితం

అవతారిక: మా వీధి మలుపులో కరెంటు స్తంభానికి, ట్యూషన్ల ఫ్లెక్సీకి పైనా మొలల వైద్యుడి బోర్డుకి కిందా, ఈ మధ్య ఒక శాసనం వెలసింది. ఇంటర్ చదువుతున్న మా మనవరాలు దాన్ని ఫొటో తీసి తెచ్చి, "తాతయ్యా, చేరనా?" అంది. జీవితమంతా పద్యాలకు అర్థం చెప్పి పెన్షను పుచ్చుకుంటున్నవాణ్ని. చేరమనో వద్దనో ఒక్క ముక్కలో చెప్పడం నా వృత్తిధర్మం కాదు. కనుక వ్యాఖ్యానానికి పూనుకున్నాను.

మూలం:
కరాటే! కుంగ్‌ఫూ! సెల్ఫ్ డిఫెన్స్!
30 రోజుల్లో మిమ్మల్ని మీరు కాపాడుకోండి.
ఆడపిల్లలకు ప్రత్యేక బ్యాచి. బెల్టు గ్యారంటీ.

ప్రతిపదార్థం: కరాటే = కరా, ఖాళీ అయిన; టే, చేయి. జపాను మాట. మన 'కరం'తో చుట్టరికం కలుపుదామని నాకూ మనసైంది గాని, వాళ్ల మాటలో చేయి రెండో సగంలో ఉంది. ఇందులో పాఠభేదం కూడా ఉంది. పూర్వం ఒకినావా దీవిలో 'చీనా చేయి' అనే అర్థమిచ్చే అక్షరంతో రాసేవారట. 1936లో నాహా పట్టణంలో పెద్ద గురువులు సమావేశమై, పలుకు అలాగే ఉంచి అక్షరం మార్చి, 'ఖాళీ చేయి' అన్న పాఠాన్ని ఖాయం చేశారు. మన శ్లేషకవులు విని ఉంటే తలలూపేవారు.

కుంగ్‌ఫూ = చీనా మాట. దీనికి యుద్ధమని అర్థం లేదు. ఏ పనిలోనైనా ఏళ్ల తరబడి శ్రమపడి సంపాదించిన నేర్పు అని. ఆవకాయ కలపడంలో మా ఆవిడది కుంగ్‌ఫూయే. ఈ అర్థం పక్కన '30 రోజుల్లో' అన్న పదం పెట్టి చదివితే విరోధాభాసాలంకారమని కొందరు సంబరపడవచ్చు. ఆభాసమైతే పరిహారం ఉండాలి. ఇక్కడ లేదు. ఉత్త విరోధమే.

బెల్టు = నడుముకు కట్టేది. నల్ల బెల్టు ఆచారం జూడో గురువు కానో జిగోరో 1880లలో పెట్టింది. తెలుపు నలుపుల నడుమ ఇన్ని రంగులు వ్యాపించింది ఆ విద్య యూరప్ చేరాక. గ్యారంటీ = పూచీ. పూచీ బెల్టుకే గాని నడుముకు కాదని సూక్ష్మం.

అన్వయం: 'కాపాడుకోండి' అన్న క్రియకు కర్త మీరు, కర్మ మిమ్మల్ని. బాగుంది. మరి ఎవరి వలన? భయహేతువుకు పంచమీ విభక్తి రావాలని ఎనిమిదో తరగతి పిల్లలకే చెప్పేవాణ్ని: దొంగ వలన భయపడెను. ఈ శాసనంలో 'వలన' లేదు, దొంగా లేడు. ఫ్లెక్సీ మీద ఎగిరి తన్నుతున్న మనిషి బొమ్మ ఉంది, తన్నులు తినేవాడి బొమ్మ లేదు. కాబట్టి 'ఎదుటివాడు' అనే పదాన్ని మనమే అధ్యాహారం చేసుకోవాలి. వ్యాఖ్య అంతా ఈ ఒక్క పదం మీదే నిలుస్తుంది.

దృష్టాంతం: మనవరాలు ఉచిత డెమో క్లాసుకు వెళ్లొచ్చింది. మాస్టరు "నా చెయ్యి పట్టుకుని మెలిపెట్టు" అన్నాడట. ఇలా మెలిపెట్టిందో లేదో, అలా వెల్లకిలా పడ్డాడట. ఇంటికొచ్చి తమ్ముడి మీద ప్రయోగించింది. వాడికి పన్నెండేళ్లు, కుడిచేతిలో జంతిక. చెయ్యి మెలిపెడితే వాడు పడలేదు. మోచెయ్యి మడిచి, అక్క పొట్టలో తల పెట్టి, జడ దొరకబుచ్చుకున్నాడు. జంతిక మాత్రం వదల్లేదు. మాస్టరు పడింది ఫీజు కోసం. వీడికి అలాంటి ఆశ ఏదీ లేదు.

ఈ చిక్కును కానో ఏనాడో విప్పాడు. 1882లో టోక్యోలో ఎయిషోజీ అనే బౌద్ధాలయంలో, 12 చాపలు పట్టే గదిలో ఆయన జూడో మొదలుపెట్టాడు. పాత జుజుత్సు నుంచి ప్రాణాంతకమైన దెబ్బల్ని పక్కకు తీసి, మిగిలినవాటితో శిష్యుల్ని ఒకరి మీదికొకరిని పూర్తి బలంతో వదిలాడు. దీని పేరు రందోరి. ఎదుటివాడు నిజంగా ఒప్పుకోడు, నిజంగా తోస్తాడు. మన గోదాలో పహిల్వాను చేయించేదీ ఇదే, బాక్సింగు రింగులో జరిగేదీ ఇదే. మన నిజామాబాదు పిల్ల నిఖత్ జరీన్ 2022లోనూ 2023లోనూ ప్రపంచ చాంపియన్ అయింది. మొహానికి గ్లౌజు తగలని రోజంటూ లేకుండా ఎన్నేళ్లు గడిస్తే అలాంటి బాక్సరు తయారవుతుందో ఊహించుకోండి. కరాటేలోనూ నిజంగా తలపడనిచ్చే గురువులున్నారు. పేరు చూసి కాదు, క్లాసు చూసి చేరాలి.

పూర్వపక్షం: "మా విద్యలో కళ్లలో పొడవడం, గొంతు చితక్కొట్టడం ఉన్నాయి, అవి సాధనలో ప్రయోగించకూడదు గనుకే మేం తలపడం" అని కొందరు గంభీరంగా అంటారు. సమాధానం: ఎన్నడూ వండని కూరకు రుచి చెప్పడమంటే ఇదే.

మరో పూర్వపక్షం: "1993లో అమెరికాలోని డెన్వర్‌లో, నియమాలు దాదాపు లేని పోటీలో, బక్కపలచటి రాయిస్ గ్రేసీ ఒకే రాత్రి ముగ్గురిని లొంగదీశాడు. కనుక నేలమీద పట్లు పట్టే బ్రెజిల్ జుజుత్సే సర్వోత్తమం." ఇందులో బలముంది. ఆ విద్యకు విత్తు కూడా బ్రెజిల్ వెళ్లిన కానో శిష్యుడు మాయెదాదే. అయితే డెన్వర్‌లో ఒకరితో ఒకరు, కింద మెత్తటి నేల. మన బస్టాండు వెనక సందులో కింద కంకర, ఎదుటివాడికి ఇద్దరు స్నేహితులు. అక్కడ నేలకు దిగడం కంటే లేవడం రావాలి. లేచాక పరుగు రావాలి.

ఎదుటివాడి చేతిలో కత్తి ఉంటే? పై విద్యలన్నిటికీ అక్కడ అర్ధవిరామం. పర్సు ఇచ్చెయ్యడం, దూరం జరగడం, అరవడం, 112కి ఫోను చెయ్యడం. సినిమాలో హీరో కత్తిని అరచేత్తో ఆపినప్పుడు, రక్తం డబ్బా పట్టుకున్న మేకప్ మనిషి ఫ్రేము బయటే ఉన్నాడని మరవకూడదు.

చట్టం మాట ఒకటి. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 దాకా సెక్షన్లలో ఆత్మరక్షణ హక్కు ఇచ్చింది. రక్షణకు అవసరమైనంతకు మించి హాని చేస్తే ఆ హక్కు మనల్ని కాపాడదు. పారిపోతున్నవాణ్ని వెంటపడి తన్నడానికి బ్లాక్ బెల్టు అనుమతిపత్రం కాదు.

తాత్పర్యం: మనవరాలితో ఇంత చెప్పలేదు. "అమ్మా, వెళ్లి ఒక గంట కూర్చుని చూడు. అక్కడ ఎవరైనా ఎవరినైనా పడనివ్వకుండా పెనుగులాడుతుంటే చేరు" అన్నాను. ఊరి స్టేడియంలో జూడో హాలుందని అదే కనుక్కొచ్చి చేరింది. మూడు వారాలైంది. ఇంకా పడటమే నేర్పుతున్నారట. చెయ్యి ఎలా చాచాలి, గడ్డం ఎలా ఆన్చుకోవాలి, తల నేలకు తగలకుండా వీపు ఎలా గుండ్రం చెయ్యాలి. నిన్న స్కూటీ మీంచి జారిపడింది. మోకాలు చెక్కుకుపోయింది. తలకు ఏమీ కాలేదు.