హరిత నగరం: నిర్మాణ విధానం

హరిత నగరానికి మొదట కావలసింది పచ్చని పొలం. అమరావతి రాజధాని కోసం 2015లో తుళ్లూరు చుట్టుపట్ల 29 గ్రామాల్లో సుమారు 34 వేల ఎకరాలు సమీకరించారు. కృష్ణ ఒడ్డున జరీబు: అరటి, మల్లె, కూరగాయలు. లోపల మెట్ట: పత్తి, మిరప. విజయవాడ, గుంటూరు మధ్య సాగుభూమి జోలికి పోవద్దని రాజధాని స్థలం పరిశీలించిన శివరామకృష్ణన్ కమిటీ 2014లోనే చెప్పింది. ఆ నివేదిక అటకెక్కింది.

రెండో దశ శాతాలు. నార్మన్ ఫోస్టర్ సంస్థ గీసిన ప్రభుత్వ సముదాయంలో కనీసం 60 శాతం పచ్చదనం, నీరు. ఆ నేల చేనుగా ఉన్నప్పుడు పచ్చదనం ఎంత శాతమో ఎవరూ గీసి చూపలేదు.

2019లో పనులు ఆగాయి. ఐదేళ్లలో చిల్లచెట్లు ఏపుగా పెరిగి రోడ్లనూ ప్లాట్లనూ కప్పేశాయి. టెండరు లేదు, నీళ్ల ట్యాంకరు లేదు, మొక్క నాటుతూ ఫొటో దిగిన మంత్రి లేడు. హరిత నగరం నిజంగా హరితంగా ఉన్న కాలం అదొక్కటే. 2024లో పొక్లెయిన్లు దిగాయి. ఆ పని పేరు జంగిల్ క్లియరెన్స్.

దీన్నిబట్టి పచ్చదనం మూడు రకాలు. చేలో ఉంటే వ్యవసాయం, తీసేయాలి. చిల్లచెట్టుకు ఉంటే అడవి, పీకేయాలి. డివైడరు మీద ఉంటే హరితం, ప్రారంభోత్సవం చేయాలి.

మూడో రకానికి కాయ కాయదు. చేను కోస్తే రైతుకు డబ్బొచ్చేది. లాన్ కోయాలంటే కోసేవాడికి జీతమివ్వాలి. అయినా బ్రోషరులో బొమ్మ లాన్‌దే.

ఇక నీలం, అంటే నీటి సంగతి క్లుప్తం. కృష్ణకు వరదొస్తే కొండవీటి వాగు వెనక్కు తన్ని పల్లపు చేలల్లో నిలుస్తుంది. మునిగిన చేను మళ్లీ విత్తుకోవచ్చు, భవనాన్ని విత్తలేరు. అందుకే వాగును మోటార్లతో నదిలోకి ఎక్కించేందుకు ఉండవల్లి దగ్గర 5 వేల క్యూసెక్కుల ఎత్తిపోతల వెలిసింది. సచివాలయ టవర్ల పునాదులు మాత్రం ఏళ్ల తరబడి చెరువులయ్యాయి. ఎవరూ ప్లాను గీయని, గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువులో గూడబాతులు ఏటా గూళ్లు కడుతూనే ఉన్నాయి.

ఇక లెక్క. మెట్ట ఎకరం ఇచ్చిన ఆసామికి వెయ్యి గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం, ఏటా కౌలు. ఊళ్లో భూమిలేని కుటుంబానికి మొదట నెలకు 2,500 రూపాయల పింఛను. కర్నూలు వైపు నుంచి మిరపకోతలకొచ్చి, చేలగట్ల మీదే వండుకుతిని, కూలీతో ఊరెళ్లే ఆడవాళ్లకు సున్నా. వాళ్ల పేరు ఏ పట్టికలోనూ లేదు. పంట తీసే మనిషినీ, పంటకు పనికొచ్చే మట్టినీ ఒకేసారి లెక్కలోంచి తోసేసి, పైన పర్యావరణం అని బోర్డు పెట్టడం సిగ్గుమాలిన పని. ఇది స్థలాల బేరం. ఆ మాట అనడానికి నోరు రాక ఆకుపచ్చ రంగు పూస్తున్నారు.

రెండో విడత సమీకరణ పెదపరిమి, వడ్డమాను, ఎండ్రాయి వైపు నడిచింది. అక్కడిదీ పత్తి, మిరప పండే నేలే. పచ్చగానే ఉంది కనుక హరిత నగరానికి అర్హత ఉన్నట్టే.