బ్రోకర్లు ఫోన్ చేయవద్దు

వనస్థలిపురంలో మా 150 గజాల ఇల్లు అమ్మకానికి పెడుతూ ప్రకటన చివర 'బ్రోకర్లు ఫోన్ చేయవద్దు' అని రాయించాను. అది చదివి బ్రోకర్లు తప్ప ఇంకెవరూ ఫోన్ చేయలేదు. "నేను బ్రోకర్ని కాదు సార్, నా దగ్గర మంచి పార్టీ ఉంది" అన్నాడొకాయన. పంపించమంటే, "ముందు మన పర్సెంటేజీ మాట్లాడుకుందాం" అన్నాడు.

మా వైపు అమ్మేవాడి దగ్గర ఒక శాతం, కొనేవాడి దగ్గర ఒక శాతం తీసుకోవడం రివాజు. కోటి రూపాయల ఇల్లయితే నా వంతు లక్ష. తాళం తీసి 'ఇది హాలు, ఇది వంటిల్లు' అని చెప్పడానికి లక్షా? నాకూ నోరుంది కదా!

పార్టీలు రావడం మొదలయ్యాక అర్థమైంది, ఆ లక్ష నోటికి కాదు, చెవులకని. ఇంటిని ఎంత తిట్టినా నవ్వుతూ నిలబడగలగాలి. అది ఇంటి యజమానికి చేతకాదు.

ఒకాయన గుమ్మంలోనే "అసలు ఎందుకమ్ముతున్నారు?" అన్నాడు. అబ్బాయి బెంగళూరులో ఉన్నాడు, అక్కడికి వెళ్లిపోతున్నాం అన్నాను. "అంతేనా?" అని అనుమానంగా చూసి, పక్కింట్లో వాకబు చేయడానికి వెళ్లాడు. పక్కింటాయనకీ నాకూ కారు పార్కింగ్ దగ్గర ఎప్పటినుంచో పడదు. ఆ పార్టీ మళ్లీ కనిపించలేదు.

ఇంకొకాయన వాస్తు పండితుణ్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆ పండితుడు ఫోన్‌లో దిక్సూచి పెట్టుకుని గది గదికీ తిరిగాడు. మా ఇనుప బీరువా పక్కకొచ్చేసరికి ఈశాన్యం కాస్తా ఆగ్నేయమైపోయింది. ఇనుముకి దిక్సూచి తప్పుతుందని ఎనిమిదో తరగతి సైన్సు చెప్పబోయాను. "శాస్త్రంతో వాదించకండి" అన్నాడు. సాయంత్రం బీరువా జరిపించాను గానీ, దిక్కులు సర్దుకునేసరికి పార్టీ సర్దుకుంది.

ఒకావిడ వంటింట్లోకి వెళ్లి అరలన్నీ తెరిచి, "ఇవన్నీ పీకించెయ్యాలి" అంది. ఆ అరల కోసం మా ఆవిడ వడ్రంగి నెత్తిన కూర్చుని పని చేయించుకుంది. ఏమీ అనకుండా మంచినీళ్లిచ్చి, వాళ్లు హాల్లోకి రాగానే, "ఈ ఇల్లు కోటీ రెండు లక్షలమ్మా" అంది. అప్పటిదాకా కోటే. నేను కూడా అప్పుడే విన్నాను.

డబ్బు మాట వస్తే ఇంకో తమాషా. "గవర్నమెంటు వాల్యూకి రిజిస్ట్రేషన్ చేద్దాం, మిగతాది చేతికిస్తాం" అన్నాడొకాయన. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, ఫీజు అన్నీ కలిపి ఏడున్నర శాతం కొనేవాడి నెత్తినే కదా, ఆయన బాధ ఆయనది. కానీ ఇంటి అమ్మకంలో 20 వేలో ఆపైనో నగదుగా పుచ్చుకుంటే, పుచ్చుకున్నదంతా జరిమానాగా కట్టాల్సి రావచ్చు. సంచిలో పట్టుకొచ్చిన డబ్బు లెక్కపెట్టే వయసూ కాదు నాది. వద్దన్నాను. "పెద్దాయనకి లోకజ్ఞానం లేదు" అని మెట్ల మీద అనుకుంటూ వెళ్లారు.

ఆషాఢమంతా ఎవరూ రాలేదు. శ్రావణంలో ఒక చిన్న జంట వచ్చింది. ఉద్యోగస్తులు, బ్యాంకు లోను, లింకు డాక్యుమెంట్లన్నీ లాయరుకి చూపించుకున్నారు, ఈసీ వాళ్లే తీయించుకున్నారు. అంతా సజావుగా నడుస్తుంటే మా ఆవిడ ఆ అమ్మాయికి కాఫీ ఇస్తూ, "తూర్పు గోడకి వానాకాలం చెమ్మొస్తుందమ్మా, బీరువా దూరంగా పెట్టుకో" అంది. నేను కళ్లతో సైగ చేశాను. "కళ్లకేమైంది మీకు?" అని అందరి ముందూ అడిగింది.

ఆ అబ్బాయి మర్యాదస్తుడు. "అంకుల్, చెమ్మకి ఓ లక్ష తగ్గించండి" అన్నాడు. కోటి మీద లక్ష అంటే ఎంత శాతమో లెక్క మీరే వేసుకోండి.

యాభై లక్షలకి తగ్గని అమ్మకం కాబట్టి ఇంకో శాతం టీడీఎస్ పట్టుకున్నాడు. అది మన పాన్ మీద కడతారు, రిటర్నులో లెక్కకొస్తుంది. చెమ్మ లక్ష మాత్రం ఏ రిటర్నులోనూ రాదు.

ఇల్లు కొనబోయే వాళ్లకి నా మనవి ఒక్కటే. బేరం ఎంతైనా ఆడండి, వాస్తు చూసుకోండి, ఈసీ రెండుసార్లు తీయించుకోండి. ఇంటావిడ ఎదురుగా వంటింటి అరల్ని మాత్రం ఏమీ అనకండి. రెండు లక్షలు పెరుగుతాయి.