మిరపకాయ వెనక నేనున్నాను

నేను రేకు గరాటును. సీసాలు నింపడానికి పుట్టినదాన్ని, ఒక మిరపకాయను ఒళ్లో కూర్చోబెట్టుకుని మ్యూజియాలకెక్కాను.

1930 ఆగస్టు. కాలిఫోర్నియా తీరంలో కార్మెల్ ఊరు. ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్‌కు ఆయన సహచరి సోన్యా నోస్కోవియాక్ కాప్సికం మిరపకాయలు తెచ్చిచ్చింది. మెలికలు తిరిగి, కండలు బిగించినట్టున్న కాయలవి. కొద్దిరోజుల్లోనే కనీసం 30 నెగటివ్‌లు తీశాడాయన. వెనక గుడ్డ కట్టి చూశాడు, తెల్ల అట్ట పెట్టి చూశాడు. తెలుపు మరీ ఎక్కువై కాయ నునుపు తేలడం లేదు. చివరికి నన్ను అడ్డంగా పడుకోబెట్టి, నా వెడల్పాటి మూతిలో కాయను నిలబెట్టాడు.

అప్పుడు కుదిరింది. నా లోపల చీకటి చిక్కబడింది. నా వంపు మీద పడ్డ వెలుతురు మళ్లీ కాయ మీదికే మళ్లింది. నీడవైపు కూడా ఆ కాయ గుండ్రంగా, ప్రాణమున్నట్టు కనిపిస్తోందంటే అందుకే. ముందునుంచి వెనకదాకా అంతా స్పష్టంగా రావాలని లెన్స్ రంధ్రాన్ని బాగా చిన్నది చేశాడు. వెలుతురు తక్కువ కాబట్టి ఎక్స్‌పోజర్ చాలాసేపు సాగింది. అంతసేపూ కాయా నేనూ కదల్లేదు. ఆ నెగటివ్ 8×10 అంగుళాలు. దాన్ని పెద్దది చేయకుండా, కాగితానికి ఆనించి అదే సైజులో ప్రింటు వేశాడు. పేరు ‘పెప్పర్ నంబర్ 30’. కాయలు ఆయన భోజనంలోకి వెళ్లాయి. నేను ప్రింట్లలో మిగిలాను.

ఇవాళ గ్యాలరీల్లో ఫొటోల సరసన పెన్సిల్ బొమ్మలూ వేలాడుతున్నాయి. వాటి ముందు ఆగినవాళ్లు “అచ్చం ఫొటోలాగే ఉంది” అంటారు. ఆ మెచ్చుకోలు నాకు చాలదు. కెమెరా ముందు మేం ఓపిగ్గా నిలబడితే లెన్స్ అన్నిటినీ ఒక్కసారిగా పట్టుకుంది. పెన్సిల్ పట్టిన మనిషి ప్రతి చుక్క దగ్గరా మళ్లీ చూడాలి, మళ్లీ నిర్ణయించాలి. పైగా వెలుగు కోసం తెల్లరంగు పూయడం కాదు, కాగితాన్ని అక్కడ ముట్టుకోకుండా వదిలేయాలి. ఎక్కడ ఆగాలో తెలిసిన చేతికే అది సాధ్యం.

నాకు అందరికంటే ఇష్టమైన చేయి వీయా సెల్మిన్స్‌ది. 1938లో రీగాలో పుట్టి, అమెరికా చేరిన చిత్రకారిణి. మేమున్న పసిఫిక్ తీరంలోనే, దక్షిణాన వెనిస్ రేవుకట్ట మీంచి ఆమె సముద్రాన్ని ఫొటోలు తీసుకుంది. 1960ల చివరినుంచి వాటిని చూస్తూ గ్రాఫైట్ పెన్సిల్‌తో అలలు గీసింది. గట్టు లేదు, పడవ లేదు, ఆకాశం లేదు. కాగితం ఈ కొసనుంచి ఆ కొసదాకా నీళ్లే. 2018లో శాన్‌ఫ్రాన్సిస్కో ఆధునిక కళా మ్యూజియంలో మొదలైన ఆమె ప్రదర్శన తర్వాత టొరంటోకూ న్యూయార్క్‌కూ వెళ్లింది. మా ఫొటోలో కాయ కోసం వచ్చే కళ్లన్నీ నన్ను దాటిపోతాయి. ఆ అలల్లో మాత్రం ముందు నిలిచినదీ వెనక ఉండిపోయినదీ అంటూ వేరే లేవు. ప్రతి అంగుళాన్నీ ఆమె ఒకే శ్రద్ధతో చూసింది.