సర్వేలో అందరూ సంతృప్తులే

ఆస్పత్రుల్లో ఈమధ్య రోగి నాడి కంటే ఉద్యోగి నాడి చూడటం ఎక్కువైంది. జబ్బు చేసిందని కాదు. నాణ్యతా గుర్తింపు కోసం తనిఖీకి వచ్చేవాళ్లు పడకలు, బాత్‌రూములతో పాటు సిబ్బంది సంతృప్తిని కూడా కొలిచి చూపించమంటారు. కొలవడానికి ఫారం కావాలి. ఫారం అచ్చయితే సంతృప్తి దానంతటదే వస్తుంది.

సూరత్‌లో కతార్‌గామ్ దగ్గర తాపీ నది దాటితే అమ్రోలి. మరమగ్గాల ఊరు. ఒడిశా గంజాం నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ. మన తెలంగాణ పద్మశాలీలు లింబాయత్ వైపు ఎక్కువగా ఉన్నా, బతుకుతెరువు వెతుక్కుంటూ నది దాటినవాళ్లూ ఉంటారు. అక్కడ ఒక ప్రైవేటు ఆస్పత్రి ఉందనుకుందాం. పేరెందుకు? అలాంటివి అమ్రోలిలోనే కాదు, అమలాపురంలోనూ ఉంటాయి.

ఆ ఆస్పత్రికి పడకలెన్ని అంటే, అడిగేవాణ్ని బట్టి. బీమా కంపెనీవాడు అడిగితే నూట యాభై. నర్సుల జీతాల గురించి అడిగితే నలభై తొమ్మిది. ఈ రెండో లెక్కకో కారణం ఉంది. ప్రైవేటు నర్సుల గోడు విన్న సుప్రీంకోర్టు 2016 జనవరిలో కమిటీ వేయమంది. కేంద్రం వేసిన ఆ కమిటీ, రెండొందల పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా జీతం ఇవ్వాలని, పడకలు తగ్గేకొద్దీ కాస్త తగ్గించుకోవచ్చని, యాభైలోపు ఉన్నా 20,000 రూపాయలకు తగ్గకూడదని చెప్పింది. అమలు చేసే పని రాష్ట్రాలకు అప్పగించారు. చాలా రాష్ట్రాలు కమిటీ నివేదికను జాగ్రత్తగా దాచుకున్నాయి. మన ఆస్పత్రి మాత్రం శ్రద్ధగా చదివి, 49 దగ్గర ఆగింది. 20,000 అన్న ముక్క దగ్గర పేజీ అంటుకుపోయిందట.

ఇక సౌకర్యాలు. ఇ.ఎస్.ఐ. ఉంది. ఉద్యోగి జీతంలో ముప్పావు శాతం, యజమాని వాటా మూడుంపావు శాతం. జీతం 21,000 దాటితే ఇ.ఎస్.ఐ. వర్తించదు. ఈ గీత 2017 జనవరిలో గీసింది. గీత దాటితే ఇ.ఎస్.ఐ. పోతుందేమోనన్న బెంగతో యాజమాన్యం ఎవరి జీతాన్నీ దాని దగ్గరికి వెళ్లనివ్వదు. సిబ్బంది మీద అంత ప్రేమ! ఇందులో ఇంకో సొగసుంది. ఇరవై నాలుగు గంటలూ డాక్టర్లుండే చోట పనిచేసే ఆయాకు జ్వరమొస్తే సెలవు పెట్టి, రెండు ఆటోలు మారి, ఇ.ఎస్.ఐ. ఆస్పత్రి వరుసలో నిలబడాలి. ఇక్కడే చూపించుకుంటానంటే పది శాతం డిస్కౌంటు ఇస్తారు. మిగతా తొంభై శాతం వచ్చేనెల జీతంలో సర్దుకుంటారు.

గ్రాట్యుటీ సంగతి మరీ ముచ్చట. 1972 చట్టం అయిదేళ్లు వరుసగా పనిచేయాలంది. అందుకని పదకొండు నెలలకోసారి కాంట్రాక్టరు మారతాడు. చీపురు అదే, వార్డు అదే, మెడలో కార్డు మాత్రం కొత్తది. 2025 నవంబరులో కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చి, నిర్ణీత కాలానికి తీసుకున్నవాళ్లకు ఏడాదికే గ్రాట్యుటీ అన్నాయి. హెచ్.ఆర్. మేనేజరు ఒక్క క్షణం కంగారుపడి, క్యాలెండరు చూసుకుని, ఊపిరి పీల్చుకున్నాడు. పదకొండు ఇంకా పన్నెండు కంటే తక్కువే.

సర్వే ఎప్పుడూ పాసవడానికి అసలు కిటుకు ఇక్కడే ఉంది. అసంతృప్తి ఎవరికి ఉండొచ్చో వాళ్లెవరూ ఉద్యోగులు కారు. ఊడ్చేవాళ్లు ఒక కాంట్రాక్టరు మనుషులు, సెక్యూరిటీ ఇంకొకడి మనుషులు, రాత్రి డ్యూటీ నర్సులు ఏజెన్సీవాళ్లు. రోజుకు పన్నెండు గంటలు ఆస్పత్రిలో ఉంటారు కానీ ఆస్పత్రి రిజిస్టరులో ఉండరు. ప్రభుత్వం ఈ విద్యలో ఇంకా ఆరితేరింది. 2005లో మొదలైన ఆశా కార్యకర్త ఇన్నేళ్లుగా వాలంటీరే. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమెకు గ్లోబల్ హెల్త్ లీడర్ అవార్డు ఇచ్చింది. ప్రపంచానికి నాయకురాలు, పంచాయతీకి వాలంటీరు. ఆమెకు వచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. గౌరవం ఎక్కువైనచోట వేతనం తగ్గడం సహజమే కదా. కోవిడ్ రోజుల్లో, 2020 మే 3న, హెలికాప్టర్లు ఆస్పత్రుల మీద పూలు చల్లినప్పుడు ఎవరు పర్మనెంటో ఎవరు కాంట్రాక్టో చూడలేదు. ఆ పూలలో పి.ఎఫ్. కోత కూడా లేదు.

ఇదే సూరత్‌లో ఒకాయన ఫారాలు అచ్చు వేయించకుండానే పని చేయించాడు. 1994 సెప్టెంబరులో ప్లేగు అనగానే లక్షల మంది ఊరొదిలారు. ప్రైవేటు డాక్టర్లు చాలామంది క్లినిక్కులకు తాళాలేసి వాళ్లతోపాటే రైలెక్కారు. మరుసటేడు మున్సిపల్ కమిషనరుగా మన తెలుగాయన, సూర్యదేవర రామచంద్రరావు వచ్చారు. ఎస్.ఆర్.రావు అంటే సూరత్‌లో పాతవాళ్లు ఇప్పటికీ గుర్తుపడతారు. ఆయన పెట్టిన పథకం పేరు ‘ఎ.సి. టు డి.సి.’. ఎయిర్ కండిషన్డ్ గదిలోంచి డైలీ చోర్స్‌కి అని. పొద్దున్నే అధికారులంతా వీధుల్లో ఉండాలి, తానూ ఉంటాడు. రాత్రిళ్లు రోడ్లు ఊడ్పించాడు. 1996లో ఇన్‌టాక్ సంస్థ సూరత్‌ను చండీగఢ్ తర్వాత దేశంలో రెండో పరిశుభ్ర నగరం అంది. అమ్రోలి అప్పటికి కార్పొరేషన్‌లో లేదు. 2006లో కలిసింది. కలిసేసరికి రావుగారు వెళ్లిపోయి చాలా కాలమైంది. మన ఆస్పత్రి డైరెక్టరుగారు ఎ.సి. కారు దిగి ఎ.సి. గదికి వెళతారు. మధ్యలో వార్డు ఉంటుందని విన్నారు.

సరే, సర్వే రోజు వచ్చింది. ఫారం ఇంగ్లీషులో, గుజరాతీలో ఉంది. సిరిసిల్ల నుంచి వచ్చిన ఆయమ్మకు రెండూ రావు. పక్కనున్న తెలుగు నర్సును అడిగింది.

“ఏందట బిడ్డా?”

“ఇక్కడ ఖుషీగున్నవా అని అడుగుతున్నరు అత్తమ్మా.”

“జీతం పడ్డదా?”

“లే.”

“పడ్డంక అడుగుమను.”

దాన్ని హెచ్.ఆర్. మేనేజరు హిందీలో చెప్పించుకుని, ‘జీతం విషయంలో ఆశాభావంతో ఉన్నారు’ అని రాసుకుని, ‘చాలా సంతృప్తి’ గడిలో టిక్కు పెట్టాడు.

ఫలితం నూటికి తొంభై తొమ్మిది. ఒక్క ఫారంలో మాత్రం ‘అసంతృప్తి’ అని గట్టిగా, కాగితం చిరిగేలా టిక్కు ఉంది. పేర్లు రాయక్కర్లేదని ముందే చెప్పారు కాబట్టి ఎవరో తెలుసుకోవడం కష్టం కాలేదు, ఫారం మూలన నంబరుంది. తీరా చూస్తే అది హెచ్.ఆర్. మేనేజరుదే. ఆ నెలాఖరుకు ఆయన పదకొండు నెలలూ నిండుతున్నాయి.

మర్నాడు గేటు మీద ప్రకటన అంటించారు. హెచ్.ఆర్. మేనేజరు కావలెను, అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యం, సంతృప్తి తప్పనిసరి.