సదరు ప్యానెల్ ఆత్మకథ

సికింద్రాబాద్‌లో రాణీగంజ్ దగ్గర ఒక వ్యాపార సముదాయం సెల్లార్‌లో ఉంటుంది మేడకంతా కరెంటు పంచే ఈ ఎల్టీ ప్యానెల్. తన కథ తానే చెప్పుకుంటుంది గానీ అందులో ‘నేను’ అన్న మాట దొరకదు. పుట్టినప్పటి నుంచీ డెలివరీ చలాన్‌లో, టెస్ట్ రిపోర్టులో, ఇన్‌స్పెక్టర్ ఆఫీసు ఉత్తరంలో అందరూ దాన్ని ‘సదరు ప్యానెల్’ అనే రాశారు. దానికీ అదే అలవాటైపోయింది.

పుట్టింది జీడిమెట్లలో. ఉక్కు రేకును కోసి, వంచి, ఏడు తొట్లలో ముంచి జిడ్డూ తుప్పూ వదిలించి, బూడిదరంగు పౌడర్ కోటింగ్ వేశారు. లోపల అల్యూమినియం బస్‌బార్లకు ఎరుపు, పసుపు, నీలం, నలుపు తొడుగులు తొడిగారు. మొదటి గదిలో 800 ఆంపియర్ల ఏసీబీ అనే పెద్ద బ్రేకర్, తర్వాతి గదుల్లో వరసగా ఎంసీసీబీలనే చిన్న బ్రేకర్లు. చూడ్డానికి వచ్చినవాళ్లంతా తలుపు మీద కంపెనీ పేరు చదివి “మాల్ మంచిదే” అని తల ఊపుతారు. సదరు ప్యానెల్‌కు ఈ పొగడ్త అంత రుచించదు. బ్రేకర్ ఎంత ఖరీదైనదైనా అది కొలిచేది తనలోంచి పోయే కరెంటునే. పక్కనే ఒక బోల్టు వదులై జాయింటు ఎర్రగా కాలుతున్నా, కరెంటు హద్దులో ఉన్నంతసేపు బ్రేకర్ కదలదు. కంపెనీ పేరు ఆ బోల్టును బిగించదు కదా.

బ్రేకర్ల ఎంపికలో మాత్రం లెక్క ఉంది. మేడ బయట నిలబడ్డ ట్రాన్స్‌ఫార్మర్ 500 కేవీఏది. 433 వోల్టుల దగ్గర దాని పూర్తి లోడు దాదాపు 667 ఆంపియర్లు. దాని ఇంపెడెన్స్ నాలుగున్నర శాతం. అంటే ప్యానెల్ ముంగిట నేరుగా షార్టయితే ఒక్కసారిగా 15 వేల ఆంపియర్ల దాకా దూసుకొస్తాయి. ఇళ్లలో వాడే మామూలు ఎంసీబీ తెంచగలిగింది 10 వేలు. దాన్ని తెచ్చి ఇక్కడ బిగిస్తే తెంచబోయి తానే పేలుతుంది. అందుకే 36 వేలు తెంచగల ఎంసీసీబీలు వేశారు. “గింత మందం ఎందుకు, గింత ఖర్చెందుకు” అని మేడ యజమాని సేఠ్ అడిగినప్పుడు కాంట్రాక్టరు చూపించింది ఈ లెక్కే.

రాత్రిపూట డీసీఎంలో వచ్చింది, మూడు ముక్కలుగా. హమాలీలు ఇనుప పైపులు పరిచి వాటి మీద దొర్లించారు. ఏసీబీ ఉన్న ముక్కకు బరువు పైనే ఎక్కువ. ర్యాంపు దిగేటప్పుడు అది ముందుకు ఒరగబోతే, బిగింపు పని చూసే ఉస్తాద్ కేక వేసి అందరినీ కింది వైపు నుంచి పక్కకు తప్పించాడు. వెనక నుంచి తాడు కట్టి గుంజి పట్టుకుంటూ ఒక్కో అడుగే దింపించాడు. ఈ ఉస్తాద్ గురించే ఈ కథలో ఎక్కువ చెప్పాలి. తెల్లబడ్డ మీసం, చొక్కా జేబులో మల్టీమీటర్ ప్రోబులు, చేతికి ఉంగరం గానీ గడియారం గానీ ఉండవు.

అసలు తగాదా సెల్లార్‌లో మొదలైంది. సికింద్రాబాద్ బజారులో ఖాళీ జాగా అంటే పోగొట్టుకుంటున్న అద్దె కింద లెక్క. ప్యానెల్ వెనక, ముందు సున్నంతో గీసిన గీతలు చూసి సేఠ్ నొసలు ముడిచాడు.

“గోడకు దగ్గరగ జరపరాదా? ఒక అర మీటరు వదిలితే చాలదా?”

“చాలదు సేఠ్. జరిపితే పూరా జరపాలె, లేకుంటె పూరా వదలాలె. నడుమల పెట్టొద్దు.”

ఉస్తాద్ మాటలో ఉన్నది కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల సారమే. 1956 నాటి భారత విద్యుత్ నియమాల నుంచీ ఈ పట్టుదల ఉంది. స్విచ్‌బోర్డు ముందు కనీసం ఒక మీటరు వెడల్పున ఖాళీ ఉండాలి. వెనక తెరిచి ఉన్న కనెక్షన్లుంటే అక్కడి జాగా 20 సెంటీమీటర్ల కన్నా తక్కువైనా ఉండాలి, 75 కన్నా ఎక్కువైనా ఉండాలి. 75 దాటితే బోర్డు రెండు చివరల నుంచీ 1.8 మీటర్ల ఎత్తు వరకు అడ్డులేని దారి ఉండాలి. సదరు ప్యానెల్‌కు తెలిసిన నిబంధనల్లో ఇంత తెలివైనది మరొకటి లేదు. 20 లోపైతే మనిషి దూరలేడు. 75 పైనైతే దూరినవాడు బయటపడగలడు. నలభై, యాభై దగ్గర ఆపితేనే చిక్కు. దూరడానికి సరిపోతుంది, తిరగడానికి సరిపోదు. షాక్ కొట్టి వెనక్కి తూలినవాణ్ని గోడ మళ్లీ కనెక్షన్ల మీదికే తోస్తుంది.

ముందున్న మీటరుకూ కారణం ఉంది. బ్రేకర్ల దగ్గర ఆర్క్ లేస్తే అందులో వేడి 20 వేల డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు పోతుంది. రాల్ఫ్ లీ అనే అమెరికన్ ఇంజనీరు 1982లో దీని మీద పరిశోధన పత్రం రాసేదాకా కరెంటు ప్రమాదమంటే షాకేనని చాలామంది అనుకున్నారు. తీగ ముట్టుకోకుండానే, ఎదురుగా నిలబడ్డ పాపానికి ఒళ్లంతా కాలిపోవచ్చని లెక్కలు కట్టి చూపినవాడాయన. అలాంటప్పుడు మనిషికి వెనక్కి గెంతే చోటుండాలి.

సేఠ్ చివరికి ఒప్పుకున్నాడు. నేల మీద పసుపు రంగు గీత పడింది. గీత లోపల ఇన్సులేటింగ్ మ్యాట్ పరిచారు. ఐఎస్ 15652 గుర్తున్నది, రెండు మిల్లీమీటర్ల మందంది. బజారులో దొరికే నల్ల రబ్బరు షీటు సగం ధరకే వస్తుందని ఎవరో అన్నారు. దాన్ని గుమ్మం ముందు వేసుకొమ్మన్నాడు ఉస్తాద్.

ఎర్తింగ్ దగ్గర ఊరే అడ్డం వచ్చింది. సికింద్రాబాద్ కింద ఉన్నది గట్టి గ్రానైట్ రాయి. ఐఎస్ 3043 చెప్పినట్టు రెండున్నర మీటర్ల పైపు దిగాలంటే మామూలు గడ్డపార చాలదు. బోరు యంత్రం తెచ్చి గుంతలు వేశారు. మన్ను సరిపోక ఉప్పు, బొగ్గు నింపి నీళ్లు పోశారు. ప్యానెల్ రెండు కొసల నుంచి రెండు వేర్వేరు పట్టీలు రెండు వేర్వేరు గుంతలకు వెళ్లాయి. మూడు ఫేజుల సామానుకు రెండు ఎర్తులు ఉండి తీరాలి. ఒకటి తెగినా ఇంకొకటి ఉంటుందనే ఆ ఏర్పాటు. వేసవిలో ఆ గుంతలకు నీళ్లు పోయడం వాచ్‌మన్ పని. మొక్కలకు పోస్తాడు గానీ వీటిని మరిచిపోతాడు.

ఇక కేబుళ్లు. సదరు ప్యానెల్ బతుకు తేలేది ఇక్కడే కాబట్టి కొంచెం నింపాదిగా చెబుతుంది. అల్యూమినియం కేబుల్ కొస చెక్కగానే గాలి తగిలి దాని మీద కంటికి కనపడని ఆక్సైడ్ పొర కడుతుంది. ఆ పొర కరెంటును సరిగా పోనివ్వదు. అందుకే ఉస్తాద్ వైరు బ్రష్షుతో గీకి, వెంటనే జాయింట్ పేస్టు పూసి, లగ్ తొడిగి, హైడ్రాలిక్ క్రింపర్‌తో ఆరు పలకలుగా నొక్కాడు. రాగి మీద అల్యూమినియం కూర్చునే చోట బైమెటాలిక్ లగ్ వేశాడు. ఆ తర్వాత టార్క్ రెంచి. తయారీదారు పట్టికలో బోల్టు సైజును బట్టి ఎంత బిగువో రాసి ఉంటుంది, అంతే. తక్కువైతే వదులు, ఎక్కువైతే మెత్తని అల్యూమినియం నలిగి కొన్నాళ్లకు మళ్లీ వదులు. ‘టక్’ మని శబ్దం రాగానే రెంచి పక్కన పెట్టి, బోల్టు తల మీది నుంచి ప్లేటు మీదికి ఎర్ర పెయింటుతో సన్నని గీత గీశాడు. ఆ గీత విరిగి కనిపిస్తే బోల్టు తిరిగిందని తెలుస్తుంది.

ఇంత పట్టింపు ఎందుకని అడిగేవాళ్లకు చిన్న లెక్క. ఒక జాయింటులో అదనంగా వెయ్యోవంతు ఓమ్ అవరోధం ఉందనుకుందాం. అందులో 200 ఆంపియర్లు పోతే పుట్టే వేడి 40 వాట్లు. గాలి ఆడని డబ్బాలో, వేలెడంత చోట, పగలంతా 40 వాట్లు. లోడు 400కు చేరితే అది 80 కాదు, 160. బ్రేకర్‌కు మాత్రం ఇందులో తప్పేమీ కనిపించదు.

ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ పెట్టేముందు ఎలక్ట్రానిక్ మీటర్లనీ సర్జ్ ప్రొటెక్టర్లనీ విడదీశారు. లేకపోతే ఆ 500 వోల్టులకు అవే పోతాయి. నిబంధన ప్రకారం నిమిషంసేపు పెట్టినా ఇన్సులేషన్ కనీసం ఒక మెగోమ్ చూపాలి. కొత్త ప్యానెల్ వందల్లో చూపించింది. ఒక్క ఫీడర్ మాత్రం తగ్గింది. పై అంతస్తులో కేబుల్ కొస వానకు తడిసిందట. ఆరబెట్టి మళ్లీ చూశారు.

హెచ్‌టీ సర్వీసు కాబట్టి ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ అనుమతి వచ్చాకే చార్జ్ చేయాలి. అదీ వచ్చింది. ముహూర్తం పెట్టించారు. పంతులుగారు వచ్చారు, షామియానా వేశారు, షాపులవాళ్లు సెల్లార్‌లో గుమిగూడారు. ఆఖరి చూపు చూస్తున్న ఉస్తాద్‌కు న్యూట్రల్ బస్‌బార్ మీద ఒక బోల్టుకు ఎర్ర గీత కనపడలేదు. బిగించి గీత మరిచారా, అసలు బిగించనే లేదా ఎవరికి తెలుసు? న్యూట్రల్ వదులైతే ఒక షాపుకు వోల్టేజి పడిపోతే ఇంకో షాపుకు 400 దాకా ఎక్కుతుంది. ఫ్రిజ్జులు, కంప్యూటర్లు వరసగా కాలతాయి.

తలుపు తెరవబోతూ, ఉస్తాద్ దగ్గర పనిచేసే కుర్రాడు జేబులోంచి నియాన్ టెస్టర్ తీశాడు.

“కరెంట్ లేదు ఉస్తాద్. ఇంక చార్జే చెయ్యలె గద.”

“గది జేబుల పెట్టు. బయట ట్రాన్స్‌ఫార్మర్ ఎవడన్న చార్జ్ చేసిండేమో నువ్వు చూసినవా?”

బయటి స్విచ్‌కు ముందు తాళం వేయించి, తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు. మల్టీమీటర్‌ను కరెంటున్న సాకెట్లో పెట్టి అది పనిచేస్తోందని చూసుకున్నాడు. తర్వాత బస్‌బార్ల మీద ప్రతి జతకూ పెట్టాడు. మళ్లీ సాకెట్లో పెట్టి మీటరు మధ్యలో చెడలేదని తేల్చుకున్నాడు. అప్పుడే చెయ్యి లోపలికి పోయింది. ఈలోగా సేఠ్ గడియారం చూస్తూనే ఉన్నాడు.

“ముహూర్తం దాటిపోతుందయ్యా!”

“దీపం వెలిగించుకోండ్రి సేఠ్, దానికి కరెంటు అక్కర లేదు.”

పంతులుగారు నవ్వారు. ఆ బోల్టు రెంచి కింద దాదాపు ఒక చుట్టు తిరిగింది. అది చూశాక సేఠ్ మళ్లీ గడియారం వైపు చూడలేదు.

చార్జ్ చేసినప్పుడు ఫీడర్లన్నీ ఆఫ్‌లో ఉన్నాయి, తలుపులన్నీ మూసి బిగించి ఉన్నాయి. చుట్టూ ఉన్నవాళ్లను పంపేసి, ఎదురుగా కాకుండా పక్కకు నిలబడి, ముఖం తిప్పుకుని ఏసీబీ వేశాడు. వోల్టేజీలు చూశాడు. ఫేజుల వరస చూశాడు, ఎందుకంటే అది తారుమారైతే లిఫ్టు మోటారు ఎదురు తిరుగుతుంది. జనరేటర్‌కూ కరెంటు ఆఫీసు సరఫరాకూ మధ్య ఇంటర్‌లాక్‌ను రెండు వైపులా బలవంతంగా వేయబోయి, పడదని నిర్ధారించుకున్నాడు. అది గానీ పడితే మేడ జనరేటర్ కరెంటు వెనక్కి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పోయి 11 వేల వోల్టులై లైనెక్కుతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు ఆ సంగతి తెలిసే దారే లేదు.

దసరాకు ఆయుధపూజ చేశారు. తలుపుకు పసుపు కుంకుమ బొట్లు పెట్టారు, దండ వేశారు. కొబ్బరికాయ మాత్రం ర్యాంపు మీద కొట్టించాడు ఉస్తాద్. ఆ నీళ్లు కేబుల్ ట్రెంచిలోకి పోకూడదు. కేబుళ్లు లోపలికొచ్చే గ్లాండ్ల చుట్టూ సందులు కూడా మూయించాడు, ఎలుకలూ బల్లులూ దూరకుండా. రెండు బస్‌బార్ల మధ్య ఒక్క బల్లి అడ్డం పడితే చాలు. ఆ వేడికి లేచే లోహపు ఆవిరి మిగతా పని చేస్తుంది.

కొన్నాళ్లకు పసుపు గీత లోపలికి ఒక అట్టపెట్టె వచ్చింది. మర్నాడు దాని మీద ఇంకొకటి. సదరు ప్యానెల్‌కు నోరు లేదు. ఉంటే రెండు తారీఖులు చెప్పేది. 2022 మార్చి 23న ఇక్కడికి దగ్గర్లోని బోయిగూడలో తుక్కు గోదాము తగలబడి, పైన నిద్రపోతున్న బిహార్ కూలీలు 11 మంది పోయారు. 2023 మార్చి 16న సరోజినీదేవి రోడ్డులోని స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు లేస్తే అయిదో అంతస్తు ఆఫీసులో పనిచేసే ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక చనిపోయారు. రెండు చోట్లా తొలి అనుమానం షార్ట్ సర్క్యూట్ మీదికే పోయింది. పేపర్లు ఆ మాట రాసి ముగిస్తాయి గానీ దాంతో సగం కూడా తేలదు. నిప్పురవ్వ బతికేది క్షణమే. దానికి పక్కన ఏం దొరికింది, పొగ ఏ దారిన పైకెక్కింది, మనుషులకు దిగే దారి మిగిలిందా అన్నవే ప్రాణాలు తీసే ప్రశ్నలు. వాటికి జవాబు బ్రేకర్‌లో ఉండదు.

అట్టపెట్టెలను ఉస్తాద్ బయట పెట్టించాడు. మళ్లీ వచ్చాయి, మళ్లీ పెట్టించాడు. ఇప్పుడు వాచ్‌మన్ రోజూ పొద్దున సెల్లార్ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాలి.

ఈ వారం కొత్త పేచీ. రెండో అంతస్తులో దిగిన బట్టల షాపాయన ఇంకో రెండు ఏసీలు పెట్టించాడు. ఫీడర్ ట్రిప్ అవుతోంది. ఎంసీసీబీ రేటింగు 200 ఆంపియర్లు, డయలు 160 మీద ఉంది.

“కొంచెం తిప్పితే అయిపోద్ది కదన్నా, దాని మీద 200 అని రాసే ఉంది.”

“రాసింది బ్రేకర్ మీద. కేబుల్ మీద రాయలె.”

ఆ కేబుల్ 95 చదరపు మిల్లీమీటర్లది. ట్రేలో మిగతావాటితో కలిసి, సెల్లార్ వేడిలో పడుకుని ఉంది. ఆ లెక్క కట్టే డయలును 160 దగ్గర ఉంచారు. ఉస్తాద్ డయలు మీది సీలు చూపించి, ఒక చీటీ మీద కొత్త కేబుల్ సైజూ పొడుగూ రాసిచ్చాడు. షాపాయన అది పట్టుకుని బేరం చేయడానికి రాణీగంజ్ వెళ్లాడు. ఈలోగా ఆ రెండు ఏసీలను ఒకేసారి వేయొద్దని చెప్పి పంపారు. మధ్యాహ్నానికి ఫీడర్ మళ్లీ ట్రిప్ అయింది.