బొచ్చు బడ్జెట్

స్విట్జర్లాండ్‌, ఇటలీ సరిహద్దులో సుమారు 2,470 మీటర్ల ఎత్తున ఉన్న ఆల్ప్స్ కనుమలో, మంచులో చిక్కుకున్న బాటసారులను వెతకడానికి క్రైస్తవ సన్యాసులు పెంచిన సెయింట్ బెర్నార్డ్ జాతి శునకం, నేడు హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఏసీ గదికి పరిమితమై యజమాని జేబును గాలిస్తున్నది. దీని ఒంటిపై రెండు పొరల బొచ్చు, అంటే చలిని ఆపే మెత్తని లోపొర, తడిని ఆపే ముతక పైపొర ఉంటాయి. లోపొర ఏడాదికి రెండు విడతలుగా కుచ్చులు కుచ్చులుగా రాలుతుంది కనుక, స్నానం, బ్లోయర్‌తో ఆరబెట్టడం, దువ్వడం, గోళ్లు తీయడం కలిసిన గ్రూమింగ్‌కు గంటల కొద్దీ సమయం పట్టి, బిల్లు వేలల్లోకి చేరుతుంది. ఇంట్లో రోజూ దువ్వితే ఏర్పడని చిక్కులను విప్పడానికి వసూలు చేసే అదనపు రుసుమును యజమాని బద్ధకంపై విధించిన పన్నుగా పరిగణించవచ్చు. ఖర్చుకు జడిసి నున్నగా గొరిగిస్తే, ఎండ నుంచి చర్మానికి ఉన్న రక్షణ పోతుంది. తన క్షవరానికి పది రూపాయలు పెంచితే సెలూన్‌లో వాదానికి దిగే గృహస్థు, ఇక్కడ మాత్రం మారుమాట లేకుండా చెల్లిస్తాడు. హోదా దగ్గర బేరమాడితే హోదా మిగలదని ఆయనకు బాగా తెలుసు.